మూత పెట్టిన పది నిమిషాలు

సలోమి సిస్టర్ ఇచ్చిన్నాడు
అది రెండాకుల పుల్ల.
పాత సెలైన్ సీస కోసి, తడి గుడ్డల చుట్టి
రైల్వే క్వార్టర్ల గోడ మీదికెళ్లి అందిచ్చింది.
"పుదీన కాదు. నలిపి చూడు."

నలిపిన.
నిమ్మకాయ వాసన కాదది,
నిమ్మకాయ కోసి పక్కకు పెట్టినంక
చాకు మీద మిగిలే వాసన.

లెమన్ బామట పేరు.
బామంటే మా ఇంట్ల నుదుటికి రాసుకునేదొక్కటే.
మా సరోజన ఆయితారం నాడు పుదీన అనుకొని
గుప్పెడు తెంపి కోడికూరల ఏసింది.
"ఇదేం ఆకయ్యా, కూర సబ్బు వాసనొస్తుంది!"
పిల్లలు ఆ రోజు మామిడికాయ తొక్కుతోని తిన్నరు.

గూడ్స్ బండి నడిపెటోనికి
రాత్రొకటి పగలొకటి ఉండవు.
రామగుండం బొగ్గు కాజీపేటల వదిలి
ఇల్లు చేరేసరికి పాల ప్యాకెట్ల పిలగాడు ఎదురొస్తడు.
కిటికీకి దుప్పటి కట్టి పండుకుంటే
రెప్పల కింద పట్టాలు ఉరుకుతయి.

పొత్కపల్లి దాటినంక, ఒక రాత్రి,
హెడ్‌లైట్ల తెల్ల బనీను.
లైటు కండ్లల్ల వడ్డదని
చెయ్యి అడ్డం పెట్టుకున్నడు, అంతే.
ఎన్క యాభై ఎనిమిది డబ్బాల బొగ్గు.
బ్రేకు నేను కొడితే
బండి దానిష్టమొచ్చిన కాడ ఆగింది.
మెమో రాసిన. సంతకం పెట్టిన.
మళ్ల బండి తీసిన.

సలోమి సిస్టర్ ఏమీ అడగలే.
ముప్పై ఏండ్లు రైల్వే దవాఖానల రాత్రి డ్యూటీ చేసిన మనిషి,
ఎవరి కండ్లు ఎందుకు ఎర్రగైతయో ఎరుకే.
మొక్క సంగతే చెప్పింది:
పొద్దటి ఎండ సాలు, పన్నెండు కాకముందే నీడకు జరపు.
పూత రానియ్యకు, ఆకు రుచి పోతది.
కొసలు తుంపు. తుంపితేనే గుబురైతది.
ఆరేడు ఆకులు చేత్తోని చింపి
మరిగి దించిన నీళ్లల్ల వెయ్యి. మూత పెట్టు.
పది నిమిషాలు. తియ్యకు.
వాసన ఎగిరిపోతే మందు ఎగిరిపోయినట్టే.
డ్యూటీ ఫోనొచ్చిన పూట మాత్రం ముట్టకు.
సరోజన థైరాయిడ్ గోలీలు ఏసుకుంటది గద,
డాక్టర్ను అడగనిదే ఆమెకు పొయ్యకు.

ఆ పది నిమిషాలు
నాకెవ్వలూ నేర్పని పని.
సిగ్నల్ కోసం ఆగుడు తెలుసు,
ఊకె ఆగుడు తెల్వది.
గిన్నె ముంగట కూసున్న.
మూత మీద స్టీలు మెరుపు,
దాంట్ల వంకరగ నా మొకం.

ఎన్నో నాడో యాదికి లేదు,
మూత తియ్యకముందే నోట్లెకెళ్లి వచ్చింది:
"చెయ్యి అడ్డం పెట్టుకున్నడే సరోజనా,
ఎండకు పెట్టుకున్నట్టే."
ఆమె అల్లం దంచుడు ఆపింది.
గడియారం దిక్కు చూడలే, నా దిక్కూ చూడలే.
జరసేపటికి మూత తీసి అన్నది,
"ఇగ తాగు. సల్లారితే బాగుండదు."

రోహిణి కార్తెల మొక్క పోయింది.
నేను బల్లార్షా దిక్కు, ఆమె పరకాలల చెల్లె ఇంట్ల,
నీళ్లు పోసెటోళ్లు లేరు.
వచ్చి చూస్తే బీడీ కాలినంక ఉండే రంగు.
పారేద్దామని కుండీ ఎత్తితే
గోడ అవతల నుంచి కేక:
"కాడలన్ని కొయ్యి, ఏరు పీకకు!
తడి గోనె కప్పి మర్చిపో."

నిజంగనే మర్చిపోయిన.
మిరుగం నాడు, ఇల్లంత చేపల పులుసు వాసన,
గోనె జరిగిన కాడ
గోరంత, గోరంతకు సగం, ఆకు.

నిద్ర వస్తుందా అని అడుగుతరు.
కొన్నిసార్లు వస్తది.
రాని నాడు కుండీ కాడికి పోయి
ఒక కొస తుంపి వేళ్ల మధ్య పెట్టుకుంట.
ఆ చెయ్యి ఇంకా అట్లనే ఉంటది. ఉండని.

మొన్న నా అసిస్టెంటు భూమేష్
జమ్మికుంట దాటినంక ఒక్క మాట మాట్లాడలే.
అడగలే నేను.
దిగినంక కోసిన సీసల రెండాకుల పుల్ల ఇచ్చిన.
"పుదీననా అన్నా?"
"నలిపి చూడు," అన్న.
వాళ్లమ్మకు చెప్పుమనలే.
ఒక ఆయితారం కూరల వడితేనే
ఆ ఇంట్ల దానికి పేరు పుడతది.