తెల్లబట్ట

మా అత్త నన్ను కొత్తగ రేవుకు దీస్కపోయిన నాడు
ముందుగాల చెప్పింది బట్ట ఎట్ల పిండాల్నో కాదు.
"రేవుల జూసింది రేవులనే ఇడిసిపెట్టాలె, పెంటమ్మా.
మూట నెత్తికెత్తినంక నీకు కండ్లు లెవ్వు."

ముప్పై ఒక్క ఏండ్లు
కనగల్లు వాగొడ్డున
కండ్లు లేనిదాన్నై బతికిన.

సౌడు కలిపిన నీళ్లల్ల చీరెలు నానేస్తుంటె
ఏ ఇంట్ల బాలెంత, ఏ ఇంట్ల నెల తప్పింది,
ఎవని చెయ్యి ఎవరి మీద లేసింది
అన్నీ ముందు బండకు తెలుస్తయి.
బండ తర్వాత నాకు.
డాక్టరుకు ఆఖరికి.

మొగోళ్ల అంగీలకు బీడీ తూట్లు, గుడుంబ వాసన.
అవి బజార్ల నవ్వుకుంట చెప్పొచ్చు.
ఆడోళ్ల లంగల మరకలకే
మా అత్త ఏసిన తాళం.

ఐదేండ్ల కింద
హైస్కూల్ల లెక్కలు చెప్పే వసుంధరమ్మ చీరె.
లేత పచ్చది, జరీ లేని అంచు.
నెల నడుమ మరక.
మల్ల పదిరోజులకు ఇంకోటి,
చుట్టు చాయ్ రంగు, మధ్యల ఎరుపు,
వాసన వేరే.
ఉబ్బకు పెట్టినా పోలె.
నిమ్మచెక్కతోని రుద్దిన,
బండకేసి కొట్టిన, కొట్టిన,
నోరు మాత్రం కట్టుకున్న.
ఇస్త్రీ జేసి, ఆ జాగ లోపటి మడతలకు పోయేటట్టు మలిచి
ఇచ్చొచ్చిన.
"మంచిగ ఉతికినవ్ పెంటమ్మా" అని
పది రూపాయలు ఎక్కువిచ్చింది.
పట్నం దవఖానకు తోల్కపోయేనాటికి
ఆమెకు నడవనీకె రాలె.
పచ్చచీరె మల్ల నా మూటలకు రాలె.

మొన్న బేస్తారం
ఆశ వర్కరు అండాలు మా ఇంటికొచ్చింది.
"ముప్పై దాటినోళ్లందరు రాండ్రి,
గర్భసంచి మూతి జూస్తరు."
నాకు మా అక్క యాదికొచ్చింది.
తెల్లబట్ట అయితుందని పోతె
ఇరవై తొమ్మిదేండ్లకే సంచి మొత్తం తీసేసి
బిల్లు చేతుల పెట్టిండ్రు.
"తీసుడు కాదవ్వా, జూసుడే" అన్నది అండాలు.

మూతట.
నలుగురిని కన్నదాన్ని,
నాకో మూతి ఉన్నదని
నలభై తొమ్మిదేండ్లకు ఎరుకైంది.

బల్ల మీద కాళ్లు ఎత్తిపెట్టి
సిగ్గుతోని పైకి జూస్తున్న.
స్లాబుకు వాన కారిన మరక.
సున్నమేసినా పోని జాతి అది.
"సల్లగ తగుల్తది, ఊపిరి ఇడువమ్మా"
రుబీనా మేడం ముందే చెప్పింది.
ఇనుప చెమ్చ. దాని ఎనక సిర్కా వాసన,
పెద్ద హోటల్ల ఉల్లిగడ్డ వాసన.
"ఒక్క నిమిషం ఆగాలె.
చెడ్డ జాగ ఉంటె తెల్లగ కనవడ్తది."

తెల్లగనా?
అట్లనే పండుకోని నవ్విన.
పుట్టి బుద్ధెరిగినప్పటి సంది
తెలుపు కోసం కొట్టిన చేతులివి.
ఈడ తెలుపే మరకనట.

ఆ ఒక్క నిమిషం
వాగు వాగంత నిలవడిపోయినట్టుండె.
పచ్చచీరె నీళ్లల్ల ఇప్పుకుంట
ఇప్పుకుంట పోతాంది.
ఎవరన్న పట్టుకోండ్రి అనాలె.
నోరు రాలె.

"ఏం లేదు, మంచిగున్నది. మల్ల ఐదేండ్లకు రా."
చీటీ రాసిచ్చింది.
బియ్యం డబ్బల దాసిపెట్టిన.

ఇయ్యాల పొద్దుగాల
కిరాణం రాజేశ్వరి ఇంటికి మూట పట్కపోయిన.
నైటీలు, తువ్వాలలు, పిల్లగాని యూనిఫాం,
అన్నీ లెక్కవెట్టి ఇచ్చిన.
నీలి లంగ ఒక్కటి చేతులనే ఉంచుకున్న.
"మరక పోలేదా?" అన్నది, మొకం అటు తిప్పుకోని.

అత్తా,
నువ్వు మన్నుల కలిసి పద్దెనిమిదేండ్లాయె.
నీ మాట గింత దూరం మోసిన.

"పోయింది బిడ్డా, మరక పోయింది.
లోపటికి నడువు, తలుపెయ్యి.
జర కూసో.
ఇది ఎన్ని దినాల సంది?"