ఎనిమిదో బోల్టు

మైపాడు ఇసకలో బండి గొంతు మారిందని
నా కంటే ముందు పోలంరాజుకే తెలిసింది.
"మూలగతా ఉందన్నా" అన్నాడు.

పక్కకి ఒరిగించి చూస్తే
గేర్ల మూత మీద అరచేయంత పగులు.
ఎవురో పెళ్లివారి పిల్లోడు
పాత లంగరు మీదికి ఎక్కించాడంట,
పావుగంటకి మూడొందలిచ్చి.

ఏడు బోల్టులు ఊడొచ్చాయి.
ఎనిమిదోది ఉప్పు తిన్నది కదా,
విశ్వాసంగా పట్టుకోనుంది.
కిరసనాయిలు పోశాం, బతిమాలాం,
తల తెగింది గానీ కదల్లా.
మొండేనికి నట్టు వెల్డింగ్ పెట్టి తిప్పితే
అప్పుడొచ్చింది, కీచుమంటా.

లోపల ఆయిల్ లేదు, టీ రంగు బురద.
పళ్ల సందున ఒక గవ్వ ముక్క.
పోలంరాజు దాన్ని కడిగి జేబులో వేసుకున్నాడు.
ఎందుకని నేనడగలా.

కొత్త మూత మద్రాసు బస్సులో వచ్చింది,
గాస్కెట్ రాలా.
చేపల లెక్కలు రాసుకున్న కేలండరు అట్టని
మూత మీద పరిచి, అంచెంబడే సుత్తితో తట్టి
కత్తిరించుకున్నాం.
"వంజరం ఏడొందలు, రమణయ్య బాకీ"
లోపలే ఉండిపోయింది.

ఎదురెదురుగా బిగించాలి, కొంచెం కొంచెం.
ఒకే మూల నొక్కితే మూత వంకరపోద్ది.

పొద్దుగూకినాక స్టార్ట్ చేసి
ఇంజిన్ పక్కన చెవి పెట్టాడు, చానాసేపు.
"అలలే ఇనపడతన్నాయన్నా."

పాత మూత నన్ను పారేయనీలా.
దోమల చక్రం పెట్టుకుంటానని
చంకన పెట్టుకోని పోయాడు.