ఎర్తు

జేసీ రోడ్డులో వాన వెలిసిన పూట
డిక్కీలోకి సగం దూరి మస్తాన్ అన్నాడు:
"ఆపకండి సార్, రేజ్ చెయ్యండి."

రేజ్ చేశాను.
స్పీకర్లలోంచి ఆ కూత లేచింది,
ఇంజను ఎంత అరిస్తే అంత సన్నగా,
చెవిలో దూరిన దోమ సాధకం చేస్తున్నట్టు.

మూడు నెలలుగా దీంతోనే కాపురం.
ఆంప్లిఫయరు మార్చమన్నాడొకడు.
ఆల్టర్నేటరు పోయిందన్నాడింకొకడు.
గెయిను తగ్గించి చూశాను,
పాట తగ్గింది, కూత తగ్గలేదు.

మస్తాన్‌ది మదనపల్లె.
కుర్రాణ్ణి కన్నడంలో తిడతాడు,
బోల్టుని మాత్రం తెలుగులో.
ఆర్‌సీఏ వైరు పీకాడు, కూత ఆగింది.
మళ్ళీ గుచ్చాడు, వచ్చింది.
"దారి ఇదే. దొంగ వేరే."

కార్పెట్ ఎత్తాడు.
కింద నల్ల తీగ, దాని బోల్టు,
బోల్టు కింద నా చేతిపని:
పోయినేడు తుప్పు కనబడితే
ఆదివారమంతా కూర్చుని
రెండు పూతలు వెండి రంగు వేసి
దాని మీదే బిగించాను, ముచ్చటగా.

"ఎర్తుకి ఇనుము కావాలి సార్,
ఈ సోకెందుకు?"
ఎమరీ కాగితంతో గీకుతుంటే
నా ఆదివారం పొడిపొడిగా రాలింది.
రూపాయి బిళ్ళంత ఇనుము
చేప పొట్టలా తేలింది.

బిగించాడు. రేజ్ చేశాను.
ఏమీ లేదు.
ఇంకోసారి చేశాను, నమ్మలేక.

టౌన్‌హాల్ సిగ్నల్ దగ్గర
ధైర్యంగా వాల్యూము పెంచాను.
సబ్‌వూఫరు ఒక్క గుద్దు గుద్దింది.
వెనక గలగల.

ఫోను చేస్తే నవ్వాడు.
"నంబరు ప్లేటు సార్.
పది రూపాయల స్పాంజి. రేపు రండి."