షావుకారు చొక్కా

గుణుపురంలో మా నాటకానికి
నేను ముందు రాసిన షావుకారు
తెర లేవగానే నవ్వేవాడు.
మెలేసిన మీసం, పులిగోరు, చేతిలో బెత్తం.
రిహార్సల్లో దండాసి బెహరా బీడీ ఆర్పి అడిగాడు:
"ఏటి బాబూ, ఈడు పొద్దున్న లేచి ఏటి తింతాడు?"
నా దగ్గర జవాబు లేదు.
నాలుగంకాలు రాశాను గానీ
ఒక్క పూటైనా వాడికి అన్నం పెట్టలేదు.

సంత రోజు పోయి కూచున్నాను.
కొండ దిగొచ్చిన సవర ఆడవాళ్ళు
చింతపండు బుట్టలు దించుతున్నారు.
కాటా దగ్గరి వర్తకుడు
ఒకామె చంకలో పిల్లాడికి బెల్లంముక్క అందించాడు,
నిజంగానే, ముద్దుగానే.
అదే చేత్తో
రాళ్ళ పళ్ళెం అడుగున
చింతపిక్కంత మైనం నొక్కాడు.
రెండూ రాసుకున్నాను,
మధ్యలో "కానీ" పెట్టకుండా.

ఆ రాత్రి షావుకారుకి మోకాళ్ళ నొప్పి ఇచ్చాను.
వంశధార వరదలో కొట్టుకుపోయిన ఓ తమ్ముణ్ణి ఇచ్చాను.
నౌపడా బుల్లి రైలు ఆగిపోయిన రోజున
వాడి చేత కళ్ళు తుడిపించాను.
నవ్వు కొట్టేశాను.
అయినా వాడు లేవలేదు,
తడిసిన అట్టబొమ్మలా కాగితం మీదే పడున్నాడు.

లేచింది ఎప్పుడంటే
మా నాన్న గుర్తొచ్చాక.
ఇరవై రెండేళ్ళు చింతపండు గోదాంలో గుమాస్తా.
వేలిముద్రల పక్కన అంకెలన్నీ ఆయన దస్తూరీయే.
ఏడు కిలోలు ఐదయ్యేవి.
ఆ ఐదు ఎంత గుండ్రంగా ఉండేదో!
ఎనిమిదో తరగతి పొగరుతో ఒకసారి అడిగేశాను.
నాన్న కలానికి టోపీ పెట్టి,
"సోమవారం నీ ఫీజు కట్టాల్రా" అన్నాడు.
అంతే.
గొంతు కూడా పెంచలేదు.

ఆ మాట తెచ్చి షావుకారు నోట్లో పెట్టాను.
వాడు కూచుని చద్దన్నం తిని,
చెయ్యి కడుక్కుని,
తుడుచుకోడానికి నా వైపు చూశాడు.

ఆడిన రాత్రి ఎవరూ ఈల వెయ్యలేదు.
తిట్టనూ లేదు.
మూడో వరసలో ఎవరో కుర్చీ సర్దుకున్న చప్పుడు.
దండాసి రంగు తుడుచుకుంటూ జేబు చూపించాడు:
"ఈ సిరా మరక నువ్వే ఎట్టినావేటి? బావుంది."
నేను పెట్టింది కాదన్నాను.
చొక్కా ఎక్కడిదని అతనడగలేదు.
అడిగినా
చెప్పేవాణ్ణి కాదు.