జానెడు ఎడం

స్వాన్సీలో వాన పడదు,
ఉంటుంది.
కొండవాలు వీధిలో పదిహేడో నంబరింట్లో
మేమూ ఉంటున్నాం, అద్దెకి.

మొదట చూసింది ఇందుమతి.
"అమ్మా, బీరువా వెనక చీమలు.
కదలట్లేదు."

బీరువా లాగితే గోడ నిండా
ఎవరో గుప్పిట్లతో విసిరికొట్టినట్టు ఆవగింజలు.
మూలన నిలబెట్టిన తోలు సూట్‌కేసుకి
పచ్చటి నూగు మొలిచింది.

చీపురందుకున్నాను, అలవాటు.
బూజంటే దులిపేదే కదా మాకు,
తలకి గుడ్డ చుట్టుకుని, కర్రకి చీపురు కట్టి.
పక్కింటి ఐర్వెన్ గుమ్మంలోంచే కేకేసింది:
దులపకు!
దులిపితే ఇల్లంతా విత్తనాలు చల్లినట్టే.
ముక్కుకి మాస్కు కట్టు, తడిగుడ్డతో ఒత్తి తుడువు,
ఆ గుడ్డ సంచిలో ముడేసి పారెయ్యి.
ఆమెకి డెబ్భై తొమ్మిది.
ఈ వీధిలో ఏ గోడ ఎప్పుడు దగ్గిందో ఆమెకి తెలుసు.

సాలెగూడునీ దీన్నీ ఒకే మాటతో పిలిచే భాష నాది.
ఆ రోజు ఆ మాట మధ్యలో
ఒక గోడ కట్టుకోవాల్సొచ్చింది.

ఇంటాయన గెథిన్ మెసేజ్ పెట్టాడు:
మీరు వంట ఎక్కువ చేస్తారు, కిటికీలు తియ్యరు.
అబద్ధం అందామంటే నోరు రాలేదు.
ఎసరు మరిగిన ఆవిరి,
రేడియేటర్ల మీద ఆరేసిన యూనిఫారాలు,
రాత్రంతా ముగ్గురం విడిచిన ఊపిరి
ఎక్కడికి పోతుంది?
ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు వెతుక్కుంటూ వెళ్ళి
అక్కడ నీళ్ళై కూర్చుంటుంది.

నేను కిటికీ తీస్తాను.
గ్యాసు మీటర్లో పౌన్లు కరిగిపోతున్నాయని
పైడిరాజు మూస్తాడు.
తీస్తాను. మూస్తాడు.
ఆ చలికాలం మేం మాట్లాడుకున్నదంతా
ఒక గొళ్ళెం చప్పుడే.

పగలంతా ఆసుపత్రి లాండ్రీలో
ఊరందరి దుప్పట్లూ ఫెళఫెళలాడేలా ఆరబెడతాను.
ఇంటికొస్తే నా దిండు చెమ్మ.

మా పెద్దమ్మ నిమ్మకాయ జాడీకి వాసెన కడుతూ
ఒకటే చెప్పేది: తడి గరిటె పెట్టకు.
ఉప్పూ నూనే తర్వాత సంగతి.
నిద్రపట్టని ఒక రాత్రి పైకప్పు చూస్తూ అనుకున్నాను,
ఈ ఇల్లూ జాడీయే,
గరిటెలం మేమే.

ఎసరు మీద మూత పడింది.
వంటింటి తలుపు మూసుకుంది, ఫ్యాను గురకపెట్టింది.
స్నానం చేసినవాళ్ళు గోడలు కూడా తుడిచి రావాలన్నాను.
పొద్దున్నే అద్దాల చెమట రబ్బరు కర్రతో లాగి
గిన్నెలోకి పిండితే
ఒక గ్లాసుడు,
మా రాత్రి.
బీరువాకీ గోడకీ మధ్య జానెడు ఎడం,
గాలి నడవడానికి.

ఎనిమిది పౌన్లు పెట్టి తేమ కొలిచే డబ్బా కొన్నాను.
ఎనభై ఒకటి. డెబ్భై నాలుగు. డెబ్భై.
అక్కడ మొండికేసింది.

ఐర్వెన్ వీధికి అవతల నిలబడి
గొడుగు కిందనుంచి చేతికర్ర పైకెత్తింది.
మా చూరు గొట్టంలో గడ్డి.
ఒక పసుపు పువ్వు కూడా, సిగ్గులేకుండా.
గొట్టంలో దిగాల్సిన నీళ్ళు
గోడలో దిగుతున్నాయి, సరిగ్గా బీరువా వెనక.

ఫొటో పంపాను. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు.
కౌన్సిల్‌కి పైడిరాజే రాశాడు, నకలు గెథిన్‌కి:
మా ఊపిరి మేం తుడుచుకుంటున్నాం,
మీ వాన మీరు తీసుకెళ్ళండి.
కొట్టేసి, మర్యాదగా మళ్ళీ రాశాడు.
మొదటిదే పంపమన్నాను.

మార్చిలో నిచ్చెన వచ్చింది.
గోడ పూర్తిగా ఆరడానికి ఇంకా నెలలు పడుతుందట.

ఇందుమతి లేస్తూనే డబ్బా చూసి అరుస్తుంది:
"యాభై తొమ్మిది!"
మధ్యలో దగ్గు రాదు.
పైడిరాజు గొళ్ళెం తీస్తాడు,
నావైపు చూడకుండా
"పది నిమిషాలే" అంటాడు.

బయట వాన ఉంది.
చల్లగాలి లోపలికొచ్చి, మంచం దాటి,
బీరువా వెనక్కి నడిచి వెళ్తుంది.