ఎడమ మలుపు

రెండు వారాలుగా ఒకటే చప్పుడు.
ఎడమకి తిప్పితేనే. కుడికి తిప్పితే బుద్ధిమంతురాలు.
టక్.
ఆగి, మళ్ళీ టక్,
పక్కింటివాళ్ళు గోడకి మేకు కొట్టబోయి
మానుకున్నట్టు.

ముప్పై ఎనిమిదేళ్ళ జిగులీ మాది.
ఓని దాటాక రియోని నదిని అంటిపెట్టుకుని
పైకి, ఇంకా పైకి, ఆరు పల్లెలకి
నన్నూ నా సంచినీ మోసేది అదే.
కాన్పులు రోడ్డు చూసుకుని రావు.

తలా ఒక మాట అన్నారు.
పాల క్యాన్ల ఓతియా, బాల్ జాయింట్లే అన్నాడు.
మార్పించాను. టక్.
చర్చి గంట కొట్టే ముసలాయన
టై రాడ్ చివరలు చూడమన్నాడు.
రెండు పక్కలా మార్పించాను, సగం జీతం పోయింది.
టక్.
మా ఆయన గేలా మాత్రం రేడియో గొంతు పెంచి
"ఇప్పుడు వినపడుతోందా?" అన్నాడు.

చివరికి జుంబేర్ దగ్గరికి.
షెడ్డంటే నాలుగు రేకులు, ఒక గొయ్యి,
గోతి అంచున తాగి మరిచిపోయిన టీ గ్లాసు.
ఆయన బండి వైపు చూడనే లేదు, నన్నడిగాడు:
చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?
నిలబడి తిప్పినా వస్తుందా?
బ్రేకు తొక్కితే పెరుగుతుందా?
చేతికి తగులుతుందా, చెవికేనా?
నొప్పులంటూ వచ్చినవాళ్ళని
ఇంచుమించు నేనూ ఇవే అడుగుతాను.

గోతిలోకి దిగి కేకేశాడు:
"తిప్పు. అంత కాదు. మొక్కజొన్న గింజంత.
అటూ. ఇటూ."
పైన నేను చక్రం ఊపుతుంటే
కింద ఒక్కో కీలునీ పిడికిట పట్టి
ఊపిరి బిగబట్టాడు.
"కొత్తవన్నీ గట్టిగానే ఉన్నాయి.
ఇనుము అబద్ధాలకోరు, లామారా,
ఇక్కడ కొడితే అక్కడ పలుకుతుంది."
అంటే ఇన్నాళ్ళూ
పుండొకచోట, మందొకచోట.

పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించాడు.
తల అడ్డంగా ఊపి రెండో చెవికి మార్చాడు.
తుపాకుల ఏడాది పోయాయన్నాడు, రెండూ.
ఏ ఏడాదని నేనడగలేదు.
ఆ వయసువాళ్ళని ఇక్కడ ఎవరూ అడగరు.
అప్పుడాయన చూపు నా సంచి మీద పడింది.
"ఆ చెక్క గొట్టం తీసుకుని నువ్వే దిగు."

బీచి చెక్క. మా పెద్దమ్మ గులికో చేతిది.
ఒక మూతి కడుపుకి, ఒక మూతి చెవికి.
ఎన్ని వందల గుండెలు
లోకంతో మొదటి మాట దీన్లోంచే మాట్లాడాయో.
దాన్ని పోయి పోయి గ్రీజులో...
కోటు విప్పి దిగాను.

పైన చక్రం దగ్గర ఆయన. కింద మట్టివాసనలో నేను.
ఐడ్లర్ చేతికి ఆనించాను: గొణుగుడు, అంతే.
స్టీరింగ్ పెట్టెకి: పళ్ళు కొరుకుతున్న ముసలితనం,
దాని వయసుకి మామూలే.
వెచ్చటి నూనె చుక్క మెడ మీద పడింది.
ఇంకో జానెడు జరిగి
పెట్టెని బండి ఒంటికి బిగించిన బోల్టుల పక్కన,
దుమ్ము పట్టిన చట్రం రేకుకి ఆనిస్తే

టక్

ఎక్కడో కాదు, నా తలలోనే.
గోటితో గీకాను.
బోల్టు రంధ్రం దగ్గర మొదలై
వెంట్రుకంత బీట,
తుప్పు నీళ్ళు కారిన చార.
తిరిగేవన్నీ బాగానే ఉన్నాయి.
వాటిని పట్టుకున్నదే విరుగుతోంది.

"ఇదిగో, ఇక్కడ!" అని అరిచాను.
ఆ అరుపు నాకు తెలుసు,
రోజూ తల్లులతో అనేదే.

జుంబేర్ వచ్చి వేలు పెట్టి చూశాడు.
చాలాసేపు తీయలేదు.
తర్వాత తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.
"వెల్డింగ్‌వాడు గురువారం గానీ రాడు.
ఎడమ మలుపుల్లో నీకు లోయే కదా."

మర్నాడు పాల బండిలో వెళ్ళాను, క్యాన్ల మధ్య.
స్పిరిట్‌తో మూడుసార్లు కడిగినా
గొట్టానికి వాసన పోలేదు.
తొమ్మిదో నెల మక్వాలా ముక్కు చిట్లించి
"ఏంటది?" అంది.
"రోడ్డు," అన్నాను.
ఆనించి కళ్ళు మూసుకున్నాను.
కదలకు, అన్నాను,
మొక్కజొన్న గింజంత కూడా.