రెండు రాత్రుల లెక్క

రూవిల మా గదికి ఆరుగురం ఉంటిమి.
కార్డు నా ఒక్కని జేబులనే.
జీతాలు పడ్డ శుక్రవారం
ఐదుగురి పైసలు నా చేతిల పడేటియి,
నా కార్డు గీకి ఆరుగురి సామాను తెచ్చేటోణ్ణి.

బియ్యం బస్తా గీకిన. నూనె డబ్బా గీకిన.
ఓదెలు బిడ్డకు ఫోను,
బక్కన్నకు బీపీ గోలీలు,
పెంటయ్య ఇంటికి పోతుంటే విమానం టికెట్టు,
ఆయన పెట్టెల రెండు కంబళ్లు, పాలపొడి, అత్తరు సీసలు.
రియాలుకు రెండు పాయింట్లు.
"గీకితే నీకేమొస్తదిరా?" అన్నడు బక్కన్న ఓసారి.
"పుణ్యం" అన్న.

మా లగ్గానికి నాకు దొరికిన సెలవు ఇరవై ఒక్క రోజు.
చుట్టాలకు పదకొండు, జ్వరానికి నాలుగు,
గంగజల పాస్‌పోర్టు కాయిదాలకు మీసేవల మూడు.
మిగిలిన మూడింట్ల ఒకటి ఎయిర్‌పోర్టు తొవ్వ.
హనీమూను అనే మాట
మా ఇద్దరి నడుమ ఏడేండ్లు
ఎవలూ విప్పని పార్సిల్ లెక్క ఉన్నది.

ఏడో ఏడు ఆమె విజిట్ వీసా మీద దిగింది.
ఎనిమిది రోజులు డ్రైవర్ ఎల్లన్న హాల్ల
పరదా కట్టుకొని పండుకున్నం,
దగ్గు వస్తే మింగుకున్నం.
తొమ్మిదో రోజు లక్షా నలభై వేల పాయింట్లు
ఒక్క వేలితో ఒత్తి
జబల్ అఖ్దర్ మీద రెండు రాత్రులు కొన్న.

ఆ గుట్టకు చిన్న కార్లను ఎక్కనియ్యరు.
మా కంపెనీ కూరగాయల బండి అడుక్కున్న.
నాలుగు చక్రాలూ గుంజే బండి, సీటు కింద ఉల్లిపొట్టు.
హోటల్ వాకిట్ల తలుపు తీసిన నేపాలీ పిల్లగాడు
నన్ను చూసిండు, బండిని చూసిండు,
తాళంచెవి రెండు చేతులతోని అందుకున్నడు.
ఆ మర్యాద నాకు ఇంకా అరగలేదు.

గది అంటే గది కాదు. లోయ అంచుకు అద్దం పెట్టి
ఇగ నిద్రపో అన్నట్టున్నది.
మంచం మీద తువ్వాలలతోని చేసిన కొంగలు రెండు.
"వీటిని విప్పితే తిడ్తరా?" అన్నది గంగజల.
తొట్టి నిండా గులాబి రేకులు. ఆమె దిగలేదు,
అంచు మీద కూసోని చెయ్యి మాత్రం పెట్టింది.
"ఎంతయితది?"
"ఏం కాదు. పాయింట్లు."
"పాయింట్లంటే?"
చెప్పిన. బస్తా, టికెట్టు, గోలీలు, రియాలుకు రెండు.
పదకొండేండ్ల సంది బీడీలు చుట్టిన వేళ్లు
నీళ్లల్ల ఆగినయి.
"ఛాటు" అన్నది.
"ఏంది?"
"కార్ఖాన్ల సేటు, బాగలేవని
అందరి కట్టలకెల్లి నాలుగు నాలుగు తీసి
పక్కకు పెట్టుకుంటడు జూడు. గదే గదా ఇది."

కాదన్న. ఎవల సొమ్ముల ఒక్క పైస తగ్గలేదన్న.
ఓదెలు రెండు నెలలు ఇయ్యకుంటే
ముప్పై ఎనిమిది రియాల్ల వడ్డీ
నేనే కట్టి ఊకున్న సంగతి సుత చెప్పిన.
ఆమె విన్నది. విని,
"మరి ఈ తొట్టి ఎవలది?" అన్నది.
"పెంటయ్య టికెట్టు."
"ఆ దిండ్లు?"
"బియ్యం."
"గా చంద్రుడు?"
నాకు లెక్క దొరకలేదు.
నవ్వింది. ఆ రాత్రి
పరదా లేదు, పక్కపొంటి ఎవలూ లేరు,
అయినా దగ్గు వస్తే ఇద్దరం మింగుకున్నం.

తెల్లారి చూస్తే ఆమె సంచిల
సబ్బుబిళ్లలు, చాయ్ పొట్లాలు, వేలెడంత సీసలు.
ఊడ్వనొచ్చిన పిల్లను సైగలతోని అడిగి ఇంకో మూడు.
ఐదుగురికి ఐదు కుప్పలు.
"ఛాటు తిరిగి ఇయ్యాలె" అన్నది, అంతే.

ఆమె విమానం ఎక్కినంక, శుక్రవారం, గదిల పంచిన.
పెంటయ్య మళ్లా రాలేదు, ఆయన బిళ్ల కిటికీల ఉన్నది.
బక్కన్న తనదాన్ని ముక్కుకాడ పెట్టుకున్నడు చానసేపు.
"పుణ్యానికి గులాబి వాసనొస్తదని
నాకు తెల్వదురా లింబాద్రి" అన్నడు.
అని, నూనె పైసలు నా చేతిల పెట్టిండు.
నేను లెక్కపెట్టలేదు.